గేమ్ పెట్టె వెనక తలుపు

మా మేడ మీద గదిలో అయిదున్నర అడుగుల ప్లైవుడ్ పెట్టె ఒకటుంది. ముందు నిలబడితే వీడియో గేమ్ మిషను. రెండు జాయ్‌స్టిక్కులు, వరసగా బటన్లు, పైన లైటు వెలిగే పేరు బోర్డు. ఇంటికొచ్చినవాళ్లంతా ముందే నిలబడతారు. నాకేమో దాని వెనక తలుపు తీసి చూపించాలని ఉంటుంది. "ముందు వాళ్లను కాఫీ తాగనివ్వండి" అంటుంది మా ఆవిడ. రెండేళ్ల కిందటైతే ఆ తలుపు మీద ఎవరు చెయ్యి వేసినా నాకు టెన్షన్ పట్టుకునేది.

నా చిన్నప్పుడు మా కావలిలో, ట్రంకురోడ్డు పక్క సందులో ఒక వీడియో గేమ్స్ కొట్టు ఉండేది. రూపాయి బిళ్లకు ఒక ఆట. నేను ఆడిన రోజులకంటే పక్కన నిలబడి చూసిన రోజులే ఎక్కువ. ఒక సాయంత్రం మిషను మొరాయిస్తే కొట్టాయన వెనక చెక్క ఊడదీశాడు. లోపల పాత టీవీ వీపు, దుమ్ము, వాటి మధ్య నిలువునా ఒక పచ్చటి బోర్డు. రంగురంగుల వైర్లన్నీ ఎక్కడెక్కడి నుంచో వచ్చి దువ్వెనలాంటి ఒకే ఒక్క కనెక్టర్‌లో చేరి ఉన్నాయి. ఆయన ఆ దువ్వెన లాగి, బోర్డు మార్చి, మళ్లీ గుచ్చాడు. ఇంకో ఆట వచ్చింది! బడిలో చెప్పిన సైన్సంతా ఒకెత్తు, నాకు ఆ ఒక్క లాగుడు ఒకెత్తు. దాన్ని జమ్మా అంటారని, జపాన్ మిషన్ల తయారీదార్ల సంఘం 1985లో తెచ్చిన పద్ధతని, ఆ దువ్వెనకు అటు 28, ఇటు 28, మొత్తం 56 కాళ్లుంటాయని పెద్దయ్యాక చదివాను. కరెంటు, బొమ్మ, శబ్దం, బటన్లు అన్నీ అందులోంచే పోతాయి. ఆ పద్ధతి పాటించిన ఏ కంపెనీ ఆటైనా అదే దువ్వెనకు సరిపోతుంది. నేను పెట్టె చేయించుకునేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకుని ఉంటే సగం కష్టం తప్పేది. ఉంచుకోలేదు.

పెట్టె చేయడంలో నా గొప్పేమీ లేదు. ఇంట్లో బీరువాలు చేసిన కార్పెంటర్ దగ్గర 18 ఎంఎం ప్లైవుడ్ ఒకటిన్నర షీటు మిగిలింది. పక్క చెక్కల ఆకారం దినపత్రికలు అతికించి గీసిచ్చాను, ఆయన కోశాడు. మానిటరు ఒక ఆఫీసు ఖాళీ చేసేటప్పుడు కొన్న 19 అంగుళాల చదరపుది. వెడల్పాటి కొత్త మానిటర్లకంటే పాత ఆటలకు ఇదే నప్పుతుంది. బుర్ర స్థానంలో చిన్న కంప్యూటర్ బోర్డు, రాస్ప్‌బెర్రీ పై 4. జాయ్‌స్టిక్కులు, బటన్లు, వాటి నొక్కుళ్లను యూఎస్‌బీ భాషలోకి మార్చే రెండు ఎన్‌కోడర్ బోర్డులు చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్నాను. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి, మధ్యాహ్నం సెంట్రల్‌లో దిగి, సాయంత్రం ఇంకో బండిలో తిరిగొచ్చాను. వైరు కొసలకు నొక్కి బటన్ల కాళ్లకు తొడిగే లగ్గులు తెచ్చినవి 2.8 ఎంఎంవి, బటన్ల కాళ్లేమో 4.8 ఎంఎం. ఎంత తోసినా దూరవు. కొట్లో నిలబడి ఒకటి గుచ్చి చూసుకుంటే పోయేది. మళ్లీ పినాకిని.

ఇక వైర్లు. ఒక్కో ఆటగాడికి జాయ్‌స్టిక్‌లో నాలుగు దిక్కులకు 4 స్విచ్చులు, ఆటకు 6 బటన్లు, కాయిన్‌కొకటి, స్టార్ట్‌కొకటి. మొత్తం 12. ఇద్దరికి 24. ఒక్కో స్విచ్చుకు రెండు వైర్లు, వెరసి 48. ఇవి కాక మానిటరు వైరు, దాని కరెంటు వైరు, రాస్ప్‌బెర్రీ పై అడాప్టరు, చిన్న ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు, పైన పేరు బోర్డుకు 12 వోల్టుల ఎల్ఈడీ పట్టీ. వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీలు, అదే కేబుల్ టైలు ఒక వంద, వాటిని గోడకు పట్టించే, వెనక జిగురున్న చదరపు బిళ్లలు ఒక ప్యాకెట్ కొన్నాను. రెండు రాత్రులు కూర్చుని అన్నింటినీ ఒకే కట్టగా చేసి, రెండంగుళాలకొక టై బిగించి, పెట్టె గోడ వెంట పైనుంచి కిందికి దించాను. ఫొటో తీసి ఇంటివాళ్ల గ్రూపులో పెట్టాను. "జడ అల్లినట్టుంది బావా" అన్నాడు మా బావమరిది. ఆ మాటకు వారం రోజులు పొంగిపోయాను.

అది మే నెలాఖరు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా మేడ గదిలో రోలు లేదుగానీ జిగురు బిళ్లలున్నాయి. రాత్రి పదకొండప్పుడు పెట్టెలోంచి 'టప్' మని చప్పుడు. బల్లి అనుకున్నాం. కాసేపటికి ఇంకో 'టప్'. తెల్లారి తలుపు తీస్తే నా జడ సగం ఊడి, స్పీకరు మీద వాలి ఉంది. డాబా కింద గది, పైన రేకుల నీడ కూడా లేదు, పగలంతా కాగిన ప్లైవుడ్. జిగురు జావలా సాగుతోంది. సన్‌మైకా మీదైతే పట్టుకునేదేమో, పచ్చి చెక్క మీద ఆ బిళ్లలు ఒక్క వేసవి ఆగవు. ఎవరైనా అడిగితే నేనిప్పుడు చెప్పేది ఒకటే, స్క్రూ పడని బిళ్ల కొనొద్దని.

రెండోది మోత. ఆట మొదలుపెట్టకముందే స్పీకర్లోంచి సన్నగా గుంయ్‌మని వచ్చేది, చెవి దగ్గర దోమలాగా. దాని కింద ఇంకో లావుపాటి హమ్మింగ్. అందంగా ఉండాలని 230 వోల్టుల వైరునూ స్పీకరుకు పోయే సిగ్నల్ వైరునూ ఒకే జడలో అయిదడుగుల పొడవునా కలిపి కట్టింది నేనే మరి.

మూడోది నా పొగరు దించింది. బటన్లున్న పలక కింద చేయి పెట్టడానికి దాన్ని పైకి లేపేలా కీళ్లు పెట్టించాను. ఎన్‌కోడర్ బోర్డులు మాత్రం పెట్టె లోపలి గోడకు బిగించాను. అంటే ఆ 48 వైర్లూ కీలు దాటి రావాలి. పలక ఎత్తినప్పుడల్లా అవన్నీ బిగుసుకునేవి. మా అమ్మాయికి బటన్లు కింద నుంచి చూడటం సరదా, రోజుకు పదిసార్లు ఎత్తేది. ఒకరోజు రెండో ఆటగాడి గుద్దు బటన్ పనిచేయడం మానేసింది.

ఏ వైరో తెలియదు. అన్నీ ఒకటే రంగు, నలుపు. టార్చి పళ్ల మధ్య పట్టుకుని, కటింగ్ ప్లయర్‌తో టైలు ఒక్కొక్కటే కోస్తూ పోయాను. బిగించిన టై కొయ్యాలంటే ప్లయర్ ముక్కు దాని కిందికి దూరాలి. నేనెంత బిగించానంటే ముక్కు దూరే సందు లేదు. పదకొండో టై దగ్గర ముక్కు జారింది. 'టిక్' అన్న శబ్దం వచ్చింది. టై తెగిన చప్పుడు ఫట్‌మని ఉంటుంది, ఇది అది కాదు. చూస్తే పక్కనున్న బాగున్న వైరు తోలు చీలి, రాగి పోగులు మూడు పైకి లేచి నన్నే చూస్తున్నాయి. పాడైన వైరు ఇంకా దొరకలేదు, బాగున్నది ఒకటి పాడైంది. దానికితోడు టైలు కోసేశాక మిగిలిన కొసలు ముళ్లలా మణికట్టు నిండా గీరాయి. పెట్టె మూసి, దాని మీద దుప్పటి కప్పి, నాలుగు నెలలు ఆ గదిలోకి పోలేదు. బట్టలారేయడానికి బాగుందని మా ఆవిడ దాన్ని వాడుకుంది.

నేను రొయ్యల మేత డీలరు దగ్గర లెక్కలు చూస్తాను. వసూళ్ల కోసం జువ్వలదిన్నె వైపు చెరువులకు పోతుంటాను. ఆ ఏడాది కార్తీకంలో ఒక రైతు చెరువు గట్టు మీద కొత్త ప్యానల్ బోర్డు పెడుతున్నారు. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల మోటార్లకు స్టార్టర్లన్నీ అందులోనే ఉంటాయి. బోర్డు తలుపు తెరిచి ఉంది. లోపల చూసి అక్కడే ఆగిపోయాను. బూడిదరంగు పీవీసీ ఛానళ్లు, రెండు పక్కలా దువ్వెన పళ్లలాంటి చీలికలు. ఒక్కో వైరు తనకు ఎదురుగా ఉన్న చీలికలోంచి మాత్రమే బయటికొచ్చి, తిన్నగా పోయి, మలుపు దగ్గర చక్కగా తిరిగి, స్క్రూ కింద దూరుతోంది. ప్రతి వైరు కొసనా పసుపుపచ్చ బుల్లి ఉంగరం, దాని మీద అంకె. ఎక్కడా ఒక్క కేబుల్ టై లేదు.

"ఏంది సార్ అట్టా చూస్తా ఉండారు?" అన్నాడు పని చేస్తున్నాయన. యాభై దాటినవాడు, నోట్లో టెస్టర్.

"వైర్లు ఎంత బాగా సర్దావన్నా" అన్నాను.

"మేం దీన్ని డ్రెస్సింగ్ అంటాం సార్. సోకు కోసం కాదు" అని టెస్టర్ జేబులో పెట్టుకున్నాడు. "రాత్రి మూడింటికి ఏరియేటర్ ఆగిపోద్ది. ఈడ ఉండేది కాపలా పిలకాయ. వాడికి కరెంటు తెలవదు. సెల్‌ఫోన్ లైటేసి చూసి, 'అన్నా, 14 నల్లగా మాడిపోయింది' అని నాకు ఫోన్‌లో చెప్పాల. నేను బండి మీద వచ్చేలోపు ఆ 14 ఏందో నాకు తెలిసిపోద్ది. అంకె లేకపోతే వచ్చి ఎతుక్కుంటా కూర్చోవాల. ఈ లోపల రొయ్య తేలిపోద్ది."

ఆ సమయం ఆయన ఊరికే చెప్పలేదు. పగలు నీళ్లలోని పాచి ఎండకు ఆక్సిజన్ విడుస్తుంది. రాత్రి అదీ పీల్చేదే, రొయ్యలూ పీల్చేవే. తెల్లారేముందు నీళ్లలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. సరిగ్గా ఆ గంటల్లో ఏరియేటర్ ఆగితే పంట పోయినట్టే. మా డీలరుకు రావాల్సిన బాకీలు కొన్ని అలా నీళ్లపాలైనవే.

ఫోన్ తీసి నా జడ ఫొటో చూపించాను. ఆయన వేళ్లతో పెద్దది చేసి చూసి, "బాగుండాది సార్" అన్నాడు. కాసేపాగి, "దీన్ని ఇప్పేదెట్టా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఇప్పాలని నేననుకుంటే కదా.

ఒక ఆదివారం ఆయనే కావలి వస్తూ మా ఇంటికి వచ్చాడు. దుప్పటి, దాని మీద ఆరేసిన పిల్లల బట్టలు తీసి చూపించాను. పలక రెండుసార్లు ఎత్తి దించాడు. వైర్లను తాకలేదు. ఎన్‌కోడర్ బోర్డులు చూపించి, "ఇయ్యి ఏం చేస్తాయి సార్?" అని అడిగాడు. చెప్పాను.

"అయితే ఇటుపక్క 48 వైర్లు పోతాయి. అటుపక్క?"

"రెండు యూఎస్‌బీలు."

"మరి బోర్డుల్ని పలకకే బిగించుకోక, ఈడెందుకు పెట్టారు?"

టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను. బోర్డులు పలక అడుగున ఉంటే 48 వైర్లూ పలకతోనే లేస్తాయి, పలకతోనే దిగుతాయి. కీలు దాటాల్సినవి రెండే. రెండు రాత్రులు, వంద టైలు పెట్టి నేను సర్దింది అసలు అక్కడ ఉండాల్సిన అవసరమే లేని వైర్లను! ఆ కొట్టాయన దువ్వెన కనెక్టర్ గుట్టూ ఇదేనని అప్పుడు వెలిగింది.

అన్నీ ఊడబీకాను. మొత్తం ఖాళీ పెట్టె. ఈసారి వైరు ముట్టుకోకముందు సుద్దముక్కతో లోపలి గోడల మీద దారులు గీశాను. వెనక నుంచి చూస్తే ఎడమ గోడ కరెంటుకు, కుడి గోడ సిగ్నల్‌కు. రెండూ కలవకూడదు. ఒక్కచోట మాత్రం స్పీకరు వైరు కరెంటు వైరును దాటక తప్పదు. "దాటితే అడ్డంగా దాటాల. పక్కపక్కన నడవకూడదు" అన్నాడాయన. రెండు వైర్లు సమానంగా నడిచినంత దూరమూ ఒకదాని మోత ఇంకోదాన్లోకి ఎక్కుతుంది. ఒకదాన్నొకటి నిలువూ అడ్డంగా దాటితే ఎక్కేది దాదాపు ఉండదు.

కరెంటు వైపు పని ముందు పూర్తిచేశాను. పెట్టె వెనక కింద కంప్యూటర్లకు ఉండే మూడు పిన్నుల సాకెట్, అందులోనే స్విచ్చు, 2 ఆంపియర్ల ఫ్యూజు. పెట్టె అంతా కలిపి వంద వాట్లు కూడా తినదు కాబట్టి ఆ ఫ్యూజు చాలు. అక్కణ్ణుంచి లోపల ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు, దానికే అడాప్టర్లన్నీ. ఎర్త్ వైరు ముందుసారి నేను 'చెక్క పెట్టేగా' అని వదిలేశాను. లోపల జాయ్‌స్టిక్కుల ఇనుప పలకలున్నాయి, పిల్లల చేతులు ఎప్పుడూ వాటి మీదే ఉంటాయి అని ఆయన గుర్తుచేస్తే సిగ్గేసింది. పచ్చ వైరు తీసుకెళ్లి ఆ పలకలకు కలిపాను.

పొడవు కొలవడానికి టేపు పనికిరాదు. పురికొస తీసుకుని, వైరు నడిచే దారంతా మలుపులతో సహా దాన్ని నడిపించి, ఆ ముక్కను నేల మీద పరిచి, దానికి జానెడు కలిపి వైరు కోశాను. ఆ జానెడు లేకపోతే రేపు లగ్గు తెగినప్పుడు మళ్లీ వేయడానికి వైరు మిగలదు. అలాగని మూరెడు మిగిలిస్తే అదొక పాముల పుట్ట. మానిటరు వైరు మాత్రం కొన్నదే పొడుగు, కోయడానికి లేదు. చుట్టలా చుట్టకుండా ఎనిమిది అంకెలా మడిచి, వెల్‌క్రో పట్టీతో గోడకు ఆనించాను. రాస్ప్‌బెర్రీ పై 4కు హెచ్‌డీఎంఐ రంధ్రాలు మరీ చిన్నవి, వైరు బరువంతా వాటి మీద వేలాడితే ఎన్నాళ్లో ఆగవు. అందుకని బెత్తెడు దూరంలోనే వైరును పట్టుకునే శాడిల్ క్లిప్పు కొట్టి అక్కడ ఆపాను.

పలక అడుగు నాకు అన్నింటికంటే ఇష్టమైన చోటు. బల్ల మీద బోర్లా వేసుకుని, పక్కన రేడియో పెట్టుకుని మూడు సాయంత్రాలు గడిపాను. మల్టీమీటరుతో ఎన్‌కోడర్ కాళ్లు గుచ్చి చూస్తే ఒక వరస కాళ్లన్నీ ఒకదానితో ఒకటి 'బీప్' మంటున్నాయి. అంటే ఆ వరసంతా ఒకటే గ్రౌండు, కరెంటు తిరిగి పోయే ఉమ్మడి దారి. ఒక్కో స్విచ్చుకు గ్రౌండు వైరు విడిగా అక్కర్లేదు, ఒకే వైరును బటన్ నుంచి బటన్‌కు పూలదండలా గుచ్చుకుంటూ పోవచ్చు. అలా ఆటగాడికి పదకొండు వైర్లు మాయం. దీనికి ఒక చిక్కుంది. దండలో మధ్యన ఒక లగ్గు ఊడితే దాని తర్వాతి బటన్లన్నీ చచ్చిపోతాయి. అందుకే దండ చివరి కొసను తెచ్చి మళ్లీ బోర్డు గ్రౌండుకే కలిపాను. ఇప్పుడు ఎక్కడ తెగినా రెండో వైపు నుంచి కరెంటు అందుతుంది.

లగ్గు నొక్కడం చూడ్డానికి చిన్నపని. తోలు నాలుగు ఎంఎం తీయాలి, ఎక్కువ తీస్తే రాగి బయట కనిపిస్తుంది, తక్కువ తీస్తే లగ్గు తోలునే పట్టుకుంటుంది. పోగులు కొంచెం మెలిపెట్టి దూర్చి, ప్లయర్‌తో రెండు చోట్ల నొక్కాలి. రాగి దగ్గర ఒకటి, తోలు దగ్గర ఒకటి. రెండో నొక్కుడే లాగుడుకు ఆగేది. నొక్కిన ప్రతిదాన్నీ వేళ్లతో గట్టిగా లాగి చూశాను. మొదటి ఇరవైలో ఆరు ఊడొచ్చాయి. వాటిని ఆట మధ్యలో కాకుండా బల్ల మీదే ఊడేలా చేసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

అంకెల ఉంగరాలు ఆయనే ఇచ్చాడు. మొదటి ఆటగాడికి పసుపు, రెండో ఆటగాడికి తెలుపు. జాయ్‌స్టిక్ దిక్కులు 1 నుంచి 4, గుద్దులు 5, 6, 7, తన్నులు 8, 9, 10, కాయిన్ 11, స్టార్ట్ 12. స్ట్రీట్ ఫైటర్ 2 తెలిసినవాళ్లకు ఆరు బటన్లు ఎందుకో చెప్పక్కర్లేదు. మెల్లగా, మధ్యగా, గట్టిగా గుద్దడానికి మూడు, తన్నడానికి మూడు. ఉంగరం లగ్గు వేయకముందే తొడగాలి. మూడుసార్లు మర్చిపోయి, వేసిన లగ్గు కోసి మళ్లీ వేశాను. వైరుకు రెండు కొసలా అంకె ఉండాలి. ఒక కొసకే వేస్తే రెండో కొస ఏదో మళ్లీ వెతుక్కోవాల్సిందే.

పలక అడుగున ఛానల్ పెట్టే ఎత్తు లేదు, కాబట్టి అక్కడ మళ్లీ టైలే. ఆయన పెట్టిన షరతు, అన్నీ పనిచేస్తున్నాయని తేలేదాకా ఒక్క టై కూడా బిగించకూడదని. అంతవరకూ వైర్లను ఇంట్లో ఉన్న పాత రిబ్బను ముక్కలతో ముడేసి ఉంచాను. ఆఖర్న టై బిగించబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు. "పసిబిడ్డకు మొలతాడు కట్టేటప్పుడు ఎట్టా కడతారు సార్? వేలు దూరాల. అంతే." టై కొసలు ఏటవాలుగా కాకుండా మొదలంటా తిన్నగా కోయించాడు. ఇప్పుడు కళ్లు మూసుకుని చెయ్యి పెట్టినా గీరుకోదు.

కీలు దాటే రెండు యూఎస్‌బీల దగ్గర చాలాసేపు తంటాలు పడ్డాను. కీలుకు అడ్డంగా తిన్నగా దాటిస్తే ఎత్తినప్పుడల్లా అదే చోట మడత పడుతుంది, మడత పడ్డచోటే తెగుతుంది. అందుకని వాటిని కీలు వెంట అడుగు దూరం నడిపించి, అటు కొస పలకకు, ఇటు కొస పెట్టెకు క్లిప్పు కొట్టాము. ఇప్పుడు పలక ఎత్తితే వైరు మడత పడదు, పొడవునా కొద్దిగా మెలి తిరుగుతుంది. కారు తలుపులో వైర్లు ఏళ్ల తరబడి ఎలా ఆగుతాయో ఇప్పుడు చూడాలనిపిస్తోంది.

గోడల మీద మాత్రం ఛానళ్లు, స్క్రూలతో. హాక్సా బ్లేడుతో కోసి, అంచులు గరుకు కాగితంతో రుద్ది బిగించాను. "సగమే నింపండి. రేపు ఇంకోటి పోవాల గదా" అన్నాడు. నేను కుడి వైపు ఛానల్లో పురికొస కూడా ఒకటి వదిలాను. మున్ముందు నిజం రూపాయి బిళ్లలు మింగే డబ్బా పెడితే దాని వైరును ఆ పురికొసకు కట్టి లాగేయొచ్చు. మూత మూశాక ఆ దారంకొస ఒక్కటే బయటికి వేలాడుతుంటుంది. మా ఆవిడ దాన్ని రెండుసార్లు కత్తిరించబోయింది.

మోత సగమే పోయింది. లావుపాటి హమ్మింగ్ వైరు దూరం జరిపేసరికే ఆగింది. సన్నటి దోమ ఉండిపోయింది. ఆంప్లిఫయరూ రాస్ప్‌బెర్రీ పై ఒకే అడాప్టర్ మీద నడవడం వల్ల బోర్డులో లెక్కలు జరిగే చప్పుడంతా కరెంటు వైపు నుంచి స్పీకర్లోకి పాకుతోంది. ఆంప్లిఫయరుకు వేరే అడాప్టర్ పెట్టాను. గదిలో ఒక్కసారిగా నిశ్శబ్దం. ఫ్యాను తిరగడం వినిపించింది. దీన్ని వైర్లు సర్దడం అనాలో లేదో తెలియదు, కానీ ఎంత చక్కగా సర్దినా పోనిది ఇలాంటిదొకటి ఉంటుంది.

ఎలుకల సంగతి కూడా చెప్పాలి. మా వెనక వరి మళ్లు. కోతలయ్యాక అవన్నీ ఊళ్లోకే వస్తాయి. గాలి కోసం పెట్టిన చిల్లులకు మొదట దోమల జాలీ కొట్టాను, వారంలో కొరికి పడేశాయి. ఇప్పుడున్నది ఇనుప జాలీ.

సంక్రాంతి సెలవులకు పెట్టె మళ్లీ వెలిగింది. వీధిలో పిలకాయలంతా మేడ మీదే. రెండు నెలలు ఒక్క ఫిర్యాదు లేదు. ఆ తర్వాత ఒకరోజు ప్యానల్ ఆయన ఇటువైపు వచ్చి, పైకొచ్చి, ఆట వంక చూడకుండా తిన్నగా పలక ఎత్తాడు. వేలితో ఉంగరాలు ఒక్కొక్కటే తాకుతూ పోయాడు. తెల్ల ఉంగరాల దగ్గర ఆగాడు.

"సార్, ఇది ఆరా తొమ్మిదా?"

వంగి చూశాను. ఉంగరం తలకిందులైతే ఆరు తొమ్మిదవుతుంది. అందుకే ప్యానల్ పనివాళ్లు ఆ రెంటి కింద గీత ఉన్న ఉంగరాలే వాడతారట. ఆయన ఇచ్చినవి గీత ఉన్నవే. రెండు పోగొట్టుకుని నేను పెన్నుతో రాసిన చోట గీత లేదు. రెండో ఆటగాడికి మధ్య గుద్దు నొక్కితే మధ్య తన్ను, తన్ను నొక్కితే గుద్దు. ఎన్‌కోడర్లు రెండూ ఒకే రకం కాబట్టి బటన్ల అమరిక మొదటిదానికి ఒక్కసారి నేర్పితే రెండోదానికీ అదే వర్తించింది, అందుకే నాకు తెలియలేదు.

రెండు లగ్గులు మార్చడానికి నిమిషం పట్టలేదు. ఒక్క టై కూడా కోయలేదు. ఆయన తృప్తిగా పలక దించాడు. మా అమ్మాయి వచ్చి రెండో ఆటగాడి వైపు నిలబడి నాలుగు నొక్కులు నొక్కి, మొహం ముడుచుకుంది.

"నాన్నా, ఏం చేశారు? బటన్లు మారిపోయాయి!"

రెండు నెలలుగా పిలకాయలందరూ అలాగే నేర్చుకున్నారు. సాయంత్రానికి మెట్ల మీద ఆరుగురు కూర్చున్నారు, ఎవరూ ఆడటం లేదు. ప్యానల్ ఆయన నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. ఆయనే పలక ఎత్తి, ఆ రెండు లగ్గులూ మళ్లీ తారుమారు చేసి, జేబులోంచి పెన్ను తీసి రెండు ఉంగరాల కిందా గీతలు గీశాడు.

"ఇప్పుడు తప్పు కూడా అంకె ప్రకారమే ఉండాది సార్" అన్నాడు.